అమ్మ ప్రార్థనలో మరిచిపోయిన మెట్లు

కర్పూరం వాసన తగిలితే అందరికీ గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం తుమ్ములు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లు, మా అమ్మ గుర్తొస్తాయి. చర్చికి వెళ్లే కుటుంబం మాది, కర్పూరంతో మాకేం పని? అయినా జలుబు, దగ్గు, పేరు తెలియని గాలి రోగాలు దగ్గరికి రాకూడదని అమ్మ గుడ్డ మూటలో కర్పూరం బిళ్లలు కట్టి, నా యూనిఫాం లోపల పిన్నీసుతో గుచ్చి బడికి పంపేది. పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది.

ఆ క్వార్టర్లలో పిల్లల బతుకు ఎంత బాగుండేదో నేను కిటికీలోంచి చూసినంత మేరకు చెప్పగలను. ఎండాకాలం రంగురంగుల ఐసు గోలాలు, వానాకాలం బురదనీళ్లలో కాగితం పడవలు, సంక్రాంతి ముందు డాబాల మీద పతంగులు, క్రిస్మస్ వస్తోందంటే ఇంటింటా నూనెలో వేగే గులాబీ పువ్వుల వాసన, అన్నీ నా కళ్ల ముందే జరిగేవి, ఒక్కటీ నా దాకా వచ్చేది కాదు. ఐసు తింటే గొంతు, బురదలో దిగితే గాజుపెంకు, డాబా ఎక్కితే పిట్టగోడ. గులాబీ పువ్వయినా అమ్మ ఒక రేకు కొరికి చూశాకే నాకిచ్చేది. పాలు పోసే యాదమ్మ చూసి చూసి ఒకరోజు అననే అంది: "ఏందమ్మా, పోరిని జెర ఊపిరన్న తీస్కోనియ్యరాదు?"

వీటన్నిటికంటే నన్ను చంపింది పొద్దుటి ప్రార్థన. బడికి బయల్దేరే ముందు గుమ్మంలో నా నెత్తిన చెయ్యి పెట్టి అమ్మ గట్టిగా ప్రార్థించేది. అందరమ్మల్లా "బిడ్డను కాపాడు తండ్రీ" అని వదిలేస్తే ఏం పోయేది? "చౌరస్తాల లారీ నుంచి, పట్టాల మీద ఇంజను నుంచి, పిచ్చికుక్క నుంచి, బెంచీకున్న మేకు నుంచి, పిల్లల్నెత్తుకపోయేటోళ్ల నుంచి..." అంటూ దేవుడికి తెలియనట్టు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పేది. దేవుడు విన్నాడో లేదో గాని నేను మాత్రం వినేదాన్ని. అమ్మ చెప్పినవేవీ నన్ను తాకవు, చెప్పడం మరిచింది మాత్రం తప్పకుండా పట్టుకుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. రోజూ పొద్దున్నే కడుపునొప్పి. గోళ్లన్నీ కొరికేసేదాన్ని. నులిపురుగులన్నారు, చేదు మందు తాగించారు. ఎందుకు భయపడుతున్నావని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఐదో తరగతిలో బడివాళ్లు మౌలాలి గుట్టకు తీసుకెళ్తామన్నారు. వారం రోజులు ఏడ్చి, అన్నం మానేసి, నాన్న చేత చెప్పించి అమ్మను ఒప్పించాను. ఆ గుట్టెక్కి పైనుంచి మా ఊరిని చూడాలని తప్ప నాకు ఇంకో ఆశ లేదు. ఆ పొద్దున అమ్మ బస్సు, డ్రైవరు, తేనెటీగలు, వడదెబ్బ అన్నీ దేవుడికి అప్పజెప్పింది. గుట్ట కింద బస్సు దిగి తలెత్తి చూశాక గాని నాకు తట్టలేదు, మెట్ల సంగతి చెప్పలేదని. ఇక కాళ్లు కదల్లేదు. పిల్లలు కేకలేసుకుంటూ పైకి వెళ్లిపోయారు. టీచరమ్మ బతిమాలింది, కసిరింది, చివరికి నన్ను టిఫిన్ డబ్బాలకు కాపలా కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చి వెక్కుతూ చెబితే అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

"మంచి పని చేసినవ్. నా బిడ్డకు ఎంత బుద్ధి!"

ఆ ముద్దుకు వచ్చినంత కోపం నాకు ఇంకెప్పుడూ రాలేదు. అది ప్రేమ కాదని ఎవరన్నారు? ఆ ప్రేమతోనే నా కడుపు నొప్పెట్టేది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు పడగొట్టారు, ఐసు బండ్లు పోయాయి, అప్పటి రాష్ట్రమే రెండైంది. అన్నిటికంటే విడ్డూరం, అమ్మ భయం కూడా పోయింది. డెబ్బై దాటాక దాన్ని ఎక్కడ పారేసిందో గాని, ఒంటరిగా సిటీ బస్సులెక్కుతుంది, రోడ్డు పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు తింటుంది. మొన్న మధ్యాహ్నం ఫోను చేసింది. వెనకాల హోరుమని గాలి.

"గల్లీ ఆడోళ్లతోని మౌలాలి గుట్టెక్కిన. ఈడికెంచి సికింద్రాబాదంత కనిపిస్తుంది! నువ్వు చిన్నప్పుడే చూసినవ్ గదా, స్కూలోళ్లతోని?"

ఆ రోజు పెట్టిన ముద్దు అమ్మకు గుర్తే లేదు. "ఆ, చూసిన" అన్నాను. మెల్లగా దిగు, గోడ పట్టుకో, కింద చూడకు, కోతులొస్తే చేతిలో ఏమీ ఉంచుకోకు అని నేను వరసపెట్టేసరికి అమ్మ విసుక్కుంది.

"గింత భయమేందే నీకు? ఎవల పోలికొచ్చిందో ఏమో!"