లచ్చక్క ఒంటిమీద గాయం లేదు

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని. పిల్లలకు తాయెత్తులు కట్టి పంపితే తల్లులను పిలిచి మరీ చీవాట్లు పెట్టేదాన్ని. ఇప్పటికీ మారలేదు. అయినా ఈ ఒక్క సంగతి చెప్పక తప్పదు.

మా మనవరాలు స్వప్నకు అప్పుడు ఎనిమిదేళ్ళు. జనగామలో మా దగ్గరే ఉండి చదువుకునేది. బడి గంట గట్టిగా మోగితే కొన్నిసార్లు నిలబడ్డచోటే కుప్పకూలేది. కాసేపటికి తనే లేచి కూర్చునేది. గాలి సోకిందని చుట్టాలు, బడి ఎగ్గొట్టే వేషాలని మా ఆయన. నాకు మాత్రం పిల్ల దక్కదేమోనన్న భయంతో ముద్ద దిగేది కాదు.

దవాఖానలో పిల్లల డాక్టరు ఈసీజీ తీయించాడు. అనుమానంగా ఉంది కానీ తేల్చలేనన్నాడు. "మీ ఇంట్ల చిన్న వయసుల ఎవరన్న ఉన్నట్టుండి చనిపోయిండ్రా అమ్మా? జర యాది చేసుకొని చెప్పుండ్రి" అని అడిగాడు.

ఎవరూ లేరన్నాను. నా తోడబుట్టిన లచ్చక్క పదమూడేళ్ళకే పోయింది గానీ, తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్ల తూటాకు బలైందని ఊరంతటికీ తెలుసు. అమరుల స్తూపం మీద పేరు కూడా ఉంది. అది జబ్బుల లెక్కలోకి ఎలా వస్తుంది?

బయట వరండాలో కూర్చున్నాం. ఎవరి చేతిలోంచో ఇనుప ట్రే జారి పడింది. ఆ చప్పుడుకు స్వప్న నా ఒళ్ళోకి ఒరిగిపోయింది. నర్సు వచ్చేలోగా కళ్ళు తెరిచి, నన్నే చూస్తూ మెల్లగా అంది.

"నాకు తూటా తాకలేదే చెల్లె. డప్పు సప్పుడుకే పడ్డ."

నన్ను అమ్మమ్మా అని తప్ప పిలవని పిల్ల. చెల్లె అని పిలిచిన మనిషి నాకు ఒక్కతే, లచ్చక్క.

ఆ సాయంత్రమే బస్సెక్కి దంతాలపల్లి దగ్గరున్న మా ఊరికి పోయాను. మా అమ్మ మంచం పట్టింది గానీ మాట స్పష్టంగానే ఉంది. లచ్చక్కకు చివరి స్నానం పోసింది ఆమె ఒక్కతే. గాయం ఎక్కడ తగిలిందని అడిగాను.

"గాయం లేకుండె బిడ్డా. రజాకార్లొస్తున్నరని డప్పు కొట్టిండ్రు. రాళ్ళిసిరే వడిసెల పట్టుకొని ఉరుకబోయి గడపల్నే పడ్డది. తుపాకులు అటెన్క మోగినయి. తూటా తాకిందనుకొని అందరొచ్చి దండలేసిండ్రు. నేనేం జెప్పాలె?"

ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదట, మా నాయినకు కూడా.

మర్నాడు డాక్టరుకు చెబితే కుర్చీలోంచి లేచాడు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వింటే గుండె లయ తప్పే జబ్బట, వంశంలోనే వస్తుందట. హైదరాబాదులో అదేనని ఖాయం చేసి మందు మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేస్తే నాలోనూ కొంచెం ఉందన్నారు. స్వప్న తమ్ముడిలోనైతే ఆ జబ్బు ఎక్కువగానే ఉంది, అయినా వాడు అప్పటికి ఒక్కసారి కూడా పడలేదు. ఇద్దరికీ మందులిప్పించి, ప్రాణాలు దక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజు వాడకట్టంతటికీ మిఠాయి పంచాను.

స్వప్న ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ రోజు ఏమందో తనకు గుర్తు లేదు. మా అమ్మ కడుపులో దాచుకున్న సంగతి ఆ పిల్ల నోట ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు.

మా అమ్మకు ఆ ఆలోచనే లేదు. పిల్లలిద్దరికీ గండం తప్పిందని చెప్పిన రోజు మంచంలో లేచి కూర్చుంది.

"గిన్నేండ్లు ఊరిని మోసం చేసిననుకున్న. నా లచ్చి ఇద్దర్ని బతికిచ్చింది. ఇగ ఎవ్వలు దాని పేరు తీసినా నేను తల దించుకోను" అంది.