తీరం దాటింది, గడప దాటింది

నాలుగేళ్ల కిందటి కార్తీక మాసం. తిరుపతిలోని మా చిన్న వాతావరణ కార్యాలయంలో నేను చేరి అప్పటికి పదకొండేళ్లు. కార్యాలయం అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, డాబా మీద వాన కొలిచే గేజ్, కోతులు దాన్ని పీకేయకుండా చుట్టూ ముళ్లకంచె. పై కార్యాలయాల నుంచి వచ్చే సమాచారాన్ని చదివి, మా రెండు జిల్లాలకు పనికొచ్చేలా తెలుగులో రాసి పంపడం నా పని. నాది పలమనేరు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. లెక్క కుదిరితే నాకు కాస్త కొమ్ములు మొలుస్తాయి. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది సులువవుతుంది.

ప్రతి తుఫానుకూ మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందని తెలియగానే, గోడ మీది మ్యాప్‌లో తీరం వెంబడి ఒక్కొక్కరం పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి పక్కన పేరు రాసుకుంటాం. తుఫాను ఎవరి చుక్కకు దగ్గరగా సముద్రం వదిలి నేల మీదికి ఎక్కితే, వాళ్లకు మిగతావాళ్లు మైసూర్‌పాక్ తెప్పించాలి. అలా నేల మీదికి ఎక్కడాన్ని మేం ల్యాండ్‌ఫాల్ అంటాం. తెలుగులో మేం రాసేది 'తీరం దాటడం'. చదువుకునే రోజుల నుంచీ విని విని, రాసి రాసి, ఆ మాటకు ఇంకో అర్థం ఉండొచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

సముద్రంలో ఎక్కడో తిరుగుతున్న తుఫాను ఫలానా చోట తీరం చేరుతుందని మాకెలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. తుఫానుకు సొంత కాళ్లు లేవు. దాని చుట్టూ, పైనా వీచే గాలులు ఎటు నెడితే అటు పోతుంది. ఆ గాలులను స్టీరింగ్ కరెంట్ అంటాం. అవి రేపు, ఎల్లుండి ఎలా ఉంటాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు మోడల్స్. ఒక్కో మోడల్ ఒక్కో దారి గీస్తుంది. ఆ దారులన్నీ తుఫాను దగ్గర ఒకచోటే మొదలై, తీరం చేరేసరికి చీపురు పుల్లల్లా విడిపోతాయి. ఆ పుల్లల్లో అసలు దారి ఏదన్నదే మా తలనొప్పి.

ఆ ఏడాది ఎక్కువ మోడల్స్ నెల్లూరు వైపు చూపించాయి. నాకు మాత్రం ఉత్తరాన ఉన్న అధిక పీడనం సడలేలా కనిపించలేదు. అది అడ్డంగా నిలబడినంతకాలం తుఫాను పైకి ఎక్కలేదు, నేరుగా పడమటికే జరగాలి. నేను చెన్నైకి దక్షిణాన చుక్క పెట్టాను. మా రాడార్ చూసే జయచంద్ర పకపకా నవ్వాడు.

"మేడమ్, ఈ తూరి మైసూర్‌పాక్ మీరే తెప్పించాల్సొస్తాది."

"సూద్దాం లేప్పా" అన్నాను.

మూడో రోజు తెల్లవారేసరికి తుఫాను నా చుక్కకు గోరంత దూరంలో నేల మీదికి ఎక్కింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఏడు గంటలకు రెండు జిల్లాలకూ ఫోన్లలో వెళ్లే మెసేజ్ నేనే రాశాను. మొదటి వాక్యం: 'తుఫాను ఈ ఉదయం చెన్నైకి దక్షిణాన తీరం దాటింది.' రెండో వాక్యం గాలి వేగం గురించి. మూడో వాక్యం: 'రాగల ఇరవై నాలుగు గంటల్లో తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అక్కడక్కడ అతిభారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది.' ఒక్క అక్షరం తప్పు లేదు. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి.

పదింటికల్లా జయచంద్ర ఓడిపోయిన మొహంతోనే మైసూర్‌పాక్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని దారం విప్పుతుంటే నా ఫోన్ మోగింది. తెర మీద 'మునిరత్నమ్మ, కాళహస్తి' అని ఉంది.

ఆమె గురించి కొంచెం చెప్పాలి. అంతకు ముందు ఎండాకాలంలో మెసేజ్‌లు ఎవరికి అందుతున్నాయో తెలుసుకోవడానికి శ్రీకాళహస్తిలో ఒక మీటింగ్ పెట్టాం. వచ్చినవాళ్లందరికీ నా నంబరిచ్చి, ఏ అనుమానం వచ్చినా ఫోన్ చేయమన్నాను. అలాంటి మాటలు అందరం అంటాం, ఎవరూ చేయరు. మునిరత్నమ్మ చేసింది. ఆమె కలంకారీ గుడ్డలు ఉతికే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. కలంకారీలో ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పూసిన తర్వాత ఎక్కువైన పటికను పారే నీళ్లలో ఉతికి పోగొట్టాలి. నిలవ నీళ్లు పనికిరావు, ఆలస్యమూ పనికిరాదు. అందుకని స్వర్ణముఖిలో కాస్త నీరు పారితే చాలు, వాళ్లు గుడ్డలెత్తుకుని ఏట్లోకి దిగుతారు. "ఎండ కాస్తాదామ్మా, గుడ్డలు ఆరేసుకోవాల" అని వారానికోసారి ఫోన్. నిజం చెప్పొద్దూ, ఆ పిలుపులు నాకు విసుగ్గా ఉండేవి. ఆ రోజు కూడా ఎత్తకుండా వదిలేద్దామనే అనుకున్నాను. గెలిచిన సంబరంలో ఉన్నాను కాబట్టి ఎత్తాను.

"అమ్మా, నువ్వు సల్లంగుండాల. సెప్పినట్టే దాటించేసినావు" అంది.

తుఫానును నేనే భుజాన మోసి అవతల పడేసినట్టు పొగుడుతుంటే నవ్వొచ్చింది. "నాదేముంది అక్కా" అన్నాను.

"అట్లనొద్దు. నాలుగు దినాలుగా పటిక పూసిన గుడ్డలు పెట్టుకోని పానం బిగబట్టుకోని కూసున్నాం. పొద్దున మెసేజ్ వచ్చినాక మా సుబ్బులు సదివి సెప్పినాది, దాటినాదంట అని. ఎండ గూడా వచ్చినాది. నీకొక మంచి మాట సెబుదామని సేసినా."

అప్పుడు వినిపించింది. ఆమె మాట వెనక నీళ్ల చప్పుడు, రాయి మీద గుడ్డ దెబ్బలు, ఎవరో ఆడవాళ్ల నవ్వులు.

"యాడుండారక్కా మీరు?"

"యాడేంది, ఏట్లో. నడి ఏట్లో ఉండాం, పన్నెండు మందిమి. నీళ్లు బలే తేటగా ఉండాయి."

నా కళ్లు జయచంద్ర ముందున్న రాడార్ తెర మీదికి పోయాయి. రాడార్‌లో వాన తీవ్రతను రంగులుగా చూపిస్తారు, ఎరుపంటే కుండపోత. శ్రీకాళహస్తి మీద ఏమీ లేదు. చంద్రగిరి వైపు, కొండల మీద, ఎరుపు కదలకుండా నిలబడి ఉంది. తుఫాను దక్షిణాన నేల మీదికి వచ్చినప్పుడు సముద్రం మీది తేమగాలంతా దానికి ఉత్తరాన ఉన్న మన మీదికే తోసుకొస్తుంది. మన కొండలు ఆ గాలిని ఆపి పిండుతాయి. ఆ నీళ్లు స్వర్ణముఖిలో పడి మధ్యాహ్నానికి కాళహస్తి చేరతాయి. ఇదంతా నాకు తెలుసు. ఆ మెసేజ్‌లో మూడో వాక్యం దాని గురించే. మొదటి వాక్యం దగ్గరే అందరూ ఊపిరి పీల్చుకుని ఫోన్ పక్కన పెట్టేశారని మాత్రం నాకు తెలియదు.

"అక్కా, అందరూ బయటికి రండి. ఇప్పుడే రండి."

"ఏందమ్మా, దాటిపోయినాదని నువ్వే గదా పంపించినావు?"

"దాటిపోయిందని కాదక్కా. తీరం దాటిందని."

"రెండూ ఒకటే గదమ్మా! బస్సు మా ఊరు దాటినాదంటే ఇంగ పోయినట్టే గదా. మళ్లీ వస్తాదా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మన వాడుకలో దాటడమంటే అదే. గండం దాటింది అంటాం, ఆపద దాటింది అంటాం, ఇక భయం లేదని. సముద్రం ఒడ్డున పడవలున్నవాళ్లకు రాసిన మాటను నేను కొండల కింద ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు పదకొండేళ్లుగా పంపుతున్నాను. ల్యాండ్‌ఫాల్ ఎక్కడో గోరంత తేడాతో చెప్పగలిగిన నాకు, ఆ మాట విన్న మనిషికి ఏం అర్థమవుతుందో తెలియలేదు.

"అక్కా, దొంగ నీ ఇంటి గడప దాటినాడంటే పోయినట్టా, వచ్చినట్టా?"

"ఓయమ్మో" అంది మునిరత్నమ్మ. "లోపలికొచ్చినాదా అది?"

"వచ్చింది. కొండల్లో కుమ్మరిస్తా ఉండాది. మీ తట్టు ఎండే ఉంటాది, నీళ్లు మాత్రం పైనుంచి వస్తాయి."

"గుడ్డలు సగం ఉతుకులో ఉండాయే..."

"గుడ్డలు పోతే పోనీక్కా!"

"నీకేమ్మా, రెండు నెల్ల పని" అని కసిరింది. వెంటనే గొంతు మార్చి, "ఉండు, స్పీకర్లో పెడతా. ఆ గడప మాట ఇంగొకసారి సెప్పు, నేను సెప్తే వీళ్లు ఇనరు" అంది.

మళ్లీ చెప్పాను, గట్టిగా, మా గదంతా వింటుండగా. ఆమె అరుపులు వినిపించాయి, ఎవరో ఎదురు చెప్పడం, ఆమె తిట్టడం, తడి గుడ్డలు మూటలు కట్టడం. అవతల ఇసుక దారిలో ఏరు దాటుతున్నవాళ్లను, గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయనను కూడా పిలిచి, "దాటలేదంటప్పా, లోపలికొచ్చినాదంట!" అని కేకలేస్తూ ఒడ్డు ఎక్కింది. ఒడ్డున కాలు పెట్టామని ఆమె చెప్పేదాకా నేను ఫోన్ పెట్టలేదు. జయచంద్ర పెట్టె మూత మూసి దారం మళ్లీ చుట్టేశాడు.

కాళహస్తిలో పన్నెండు మంది అలా అనుకుంటే, నాయుడుపేట దాకా ఏటి పొడవునా ఎంతమంది అనుకుని ఉంటారు? మెసేజ్ మార్చి రాశాను: 'తుఫాను పోలేదు. నేల మీదికి, మన మీదికి వచ్చింది. మీ దగ్గర ఎండ ఉన్నా ఏట్లోకి దిగొద్దు. పైనుంచి నీళ్లు వస్తున్నాయి.' పద్ధతి ప్రకారం పై అధికారిని అడగాలి. ఫోన్‌లో చదివి వినిపించాను.

"ఇన్నేళ్లుగా వాడుతున్న మాటమ్మా అది. 'పోలేదు' ఏమిటి? ఇదేమన్నా ఉత్తరమా?" అన్నారు ఆయన.

"ఉత్తరమే అనుకోండి సార్. చదివేవాళ్లు ఏట్లో ఉన్నారు" అన్నాను. మునిరత్నమ్మ ఫోన్ సంగతి, బస్సు సంగతి చెప్పాను. ఆలోచిస్తానని పెట్టేశారు. ఐదు నిమిషాలకు ఆయనే చేశారు.

"మా అమ్మకు ఫోన్ చేసి అడిగానమ్మా, తీరం దాటిందంటే ఏమిటని. పీడ విరగడైంది అంది. పంపించు. ఎవరైనా అడిగితే నేను పంపమన్నానని చెప్పు."

ఆయన ఆ మాట అననక్కర్లేదు. ఈ రోజుకీ ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఏరు వచ్చింది. మునిరత్నమ్మ మళ్లీ ఫోన్ చేసి, దాన్ని ఏటి వైపు తిప్పి పట్టుకుంది. అది నీళ్ల చప్పుడులా లేదు, లారీలు వరసగా పోతున్నట్టుంది. తర్వాత, "మేము ఉతికిన బండ కనపళ్లేదమ్మా" అంది. నేను టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషానికో భయానికో నాకే తెలియలేదు.

నెల తర్వాత కాళహస్తి వెళ్లాను. ఆమె చేతులు పట్టుకుని, "ఆ రోజు మీరు ఫోన్ చేయకపోయి ఉంటే..." అంటూ ఏదో చెప్పబోయాను. ఆమె నవ్వేసింది. "నేనేం సేసినా? నీకు మంచి మాట సెబుదామని సేసినా, అంతే గదా." లోపలికి వెళ్లి ఒక గుడ్డ తెచ్చి పరిచింది. బార్డరంతా చిలకలు. ఆ రోజు సగం ఉతుకులో మూట కట్టిన గుడ్డల్లో అదొకటి. మిగిలిపోయిన పటిక తడిలో పాకింది, అప్పుడు కంటికి కనపడలేదు, తర్వాత రంగులో ఉడకబెట్టినప్పుడు బయటపడింది. చిలకల ముక్కుల ఎరుపు నల్ల గీత దాటి మెడల దాకా వచ్చింది.

"ఇది ఎవురూ కొనరు. నువ్వు పెట్టుకో" అంది. వేలితో ఆ ఎరుపును చూపిస్తూ, "సూడు, దాటినాది. పోయినాదా? లోపలికొచ్చి కూసున్నాది" అంది.

ఆ గుడ్డ ఇప్పుడు మా గోడ మీద మ్యాప్ పక్కనే ఉంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా పుస్తకాల్లో ఉంది, ఆ ఒక్కటి తప్ప. ఇప్పుడు ఏ మెసేజ్ రాసినా ముందు మునిరత్నమ్మకు చదివి వినిపించి, ఏమర్థమైందో చెప్పమంటాను. పోయిన ఏడాది 'బలహీనపడింది' అని రాస్తే, "అంటే వాన తగ్గినట్టే గదా?" అంది. గాలి తగ్గింది, వాన తగ్గలేదు. ఆ మాటా కొట్టేశాను. వారానికోసారి వచ్చే ఆమె ఫోన్ ఇప్పుడు రాకపోతే నేనే చేస్తున్నాను.

చుక్కలు ఇంకా పెడుతున్నాం. జయచంద్ర ఈ మధ్య రెండుసార్లు గెలిచాడు. మైసూర్‌పాక్ కూడా వస్తుంది. కానీ "ఏట్లో ఎవురూ లేరమ్మా, తినుపో" అని కాళహస్తి నుంచి మాట వచ్చేదాకా ఆ పెట్టె దారం ఎవరమూ విప్పం.