రాజ్యలక్ష్మి విప్పిన టీవీ

ఏడుకొండలు పోయిన పదకొండో రోజున ఇల్లంతా చుట్టాలే. వన్ టౌన్‌లోని ఆ సందు ఇంట్లో ముందుగదే ఆయన టీవీలు బాగుచేసే చోటు. సొంత టీవీ కూడా అక్కడే ఉండేది. బొమ్మ మసగ్గా ఉందని చుట్టాల్లో ఎవరో రిమోట్ తీసుకుని తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్‌ని నూటికి పెంచేశారు. ఏడుకొండలు దాన్ని ఏనాడూ సగం దాటనిచ్చేవాడు కాదు. పాత బల్బులు, వేడికి మాడిపోతాయనేవాడు. రాజ్యలక్ష్మి చూస్తూనే ఉంది. మొగుడు పోయిన మనిషి ఆ రోజు రిమోట్ గురించి నోరెత్తితే నలుగురూ ఏమనుకుంటారు? మూడు రోజులు టీవీ పొద్దస్తమానం నడిచింది. నాలుగో రోజుకి మాట వస్తోంది, బొమ్మ లేదు.

మరిది సురేష్ వచ్చి నిమిషంలో తేల్చేశాడు.

"ప్యానెల్ పోయింది వదినా. ఆదివారం ఆటో తెస్తా. బెంజ్ సర్కిల్ షాపులో ఇది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం. బాగుచెయ్యమన్నవాళ్ళ టీవీలు వాళ్ళకిచ్చేసి, అన్నయ్య సామాను పాత ఇనుముకి వేసేస్తే గది ఖాళీ అవుద్ది."

"ప్యానెల్ పోలేదు."

"ఓహో! మెకానిక్కువి ఎప్పుడయ్యావేంటి?"

ఆమె టార్చి తెచ్చి తెరకి ఏటవాలుగా పట్టింది. చీకటి గాజులో వార్తలు చదివే అమ్మాయి లీలగా కదిలింది.

"బొమ్మ ఉంది. వెనక వెలుగే ఆరింది. ఒక్క బల్బు పోయినా వరసంతా ఆగిపోద్ది. కొత్త బల్బులు నేను వేస్తా."

"ఆ గాజు పగిలిందంటే ఇంక ఏమీ రాదు. చూస్కో మరి!" అని వెళ్ళిపోయాడు.

పదేళ్ళుగా మొగుడు ఆ గాజు ప్యానెల్ ఎత్తిన ప్రతిసారీ రెండో చివర పట్టుకున్నది ఆమే. ఇప్పుడు ఆ చివరకి పక్కింటి అమలమ్మని పిలిచింది.

"ఇది జారిపోద్దేమో అక్కా!"

"గట్టిగా పట్టుకో, వదలకు. నేను ఊఁ అన్నప్పుడే లేపు."

ఆ ఊఁ ఇన్నాళ్ళూ ఆయన నోటి నుంచి వచ్చేది. ఇప్పుడు తనే ఊఁ అంది.

గాజు మంచమ్మీదికి చేరింది. టీవీలో గాజు కిందుండే తెల్ల షీట్లకి మూలల్లో పెన్సిల్‌తో అంకెలు వేసి వరసగా పెట్టింది. మీటరు తగిలిస్తే ఒక్కో బల్బు మినుకుమంది, రెండు వెలగలేదు. బల్బులు బిగించిన పట్టీ ఒకటి నమూనాకి కాగితంలో చుట్టుకుని, అన్ని వరసలకీ అలాంటివే కొనడానికి బయల్దేరింది.

"మాసికమైనా పెట్టకుండా బజారుకా?" అంది ఎదురింటి సంపూర్ణమ్మ.

"పోయింది ఆయన, పిన్నిగారూ. నా కాళ్ళు పోలేదు."

ఆదివారం సురేష్ వచ్చేసరికి టీవీ వెలుగుతోంది. అతను దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"మూల మీద ఏదో నల్లగా ఉందే?"

"షీటు కింద వెంట్రుక పడింది. తొలి పని. నాకేం అడ్డం లేదు."

"అన్నయ్యని చూసి ఇచ్చారు ఈ టీవీలన్నీ. నిన్ను చూసి ఎవరిస్తారు వదినా?"

"అడుగుతా. వద్దన్నవాళ్ళు పట్టుకుపోతారు."

బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. రాజ్యలక్ష్మి గోడవారనున్న మొదటి టీవీ మీది చీటీ చూసి అప్పటికే నంబరు నొక్కేసింది.

"అయ్యా, ఏడుకొండలు గారింటి నుంచి మాట్లాడుతున్నానండీ. మీ టీవీ ఇక్కడే ఉంది. ఇప్పుడు రిపేరు నేనే చేస్తున్నాను, ఉంచమంటారా?"