తాటిముంజల మీద పెట్టిన నింద

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. దానికి మా ఇంట్లో ఒకటే కారణం చెప్పేవారు. నేను కడుపులో ఉండగా అమ్మ తాటిముంజలు తిన్నదట. చుట్టాలెవరొచ్చినా నాయనమ్మ ఈ సంగతి ఎత్తేది, అమ్మ తలొంచుకుని వినేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ముంజలు ఊరంతా తింటుంది. ఊరంతా ఆయాసపడుతోందా?

అమ్మ పెడనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేస్తుంది. అద్దిన బట్టని రంగునీళ్ళలో ఉడకబెట్టే పెద్ద రాగి బానల దగ్గర, కట్టెల పొగలో, ముప్పై ఏళ్ళు నిలబడింది. మోకాళ్ళు అరిగిపోయాక, కూర్చుని బట్టలు మడతపెట్టే పని ఇచ్చారు. ఆ పని ఒక్క మనిషికే ఉంది. అమ్మ వదిలిన బాన దగ్గరికి మా వదిన వెళ్ళింది.

ఈమధ్య వదినకి ఐదో నెల వస్తే బందరులో చూపించడానికి నేనూ అమ్మా వెంట వెళ్ళాం. డాక్టరుగారు ఏం పని చేస్తావని అడిగారు. వదిన చెప్పింది విని పెన్ను పక్కన పెట్టారు.

"ఆ పొగ, ఆ వేడి మంచివి కావమ్మా. బిడ్డ బరువు తగ్గొచ్చు, ఊపిరితిత్తుల మీదా పడొచ్చు. కూర్చునే పని చూసుకో."

అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "పుట్టాక పిల్లలకి ఆయాసం కూడా వస్తుందాండీ?"

"రావచ్చు. ఫలానావాళ్ళకి దానివల్లే వచ్చిందని మాత్రం చెప్పలేం."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

తిరుగు బస్సులో వదిన దిగులుగా అంది. "కూర్చునే పని ఎక్కడుందత్తయ్యా? మానేస్తే నా చోటు ఇంకొకళ్ళకి పోతుంది."

అమ్మ ఇంకా నన్నే చూస్తోంది. "నీ తప్పేం లేదమ్మా" అన్నాను నేను.

"తొమ్మిదో నెల దాకా అక్కడే నుంచున్నానే. ఒక్కళ్ళూ వద్దనలేదు" అంది అమ్మ.

ముంజల గురించి అంత మాట్లాడినవాళ్ళు పొగ గురించి ఒక్క ముక్క అనలేదు. ఎవరి మీద అరవాలో తెలియక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు అమ్మతో, వదినతో నేనూ షెడ్డుకి వెళ్ళాను. అమ్మ రోజూ తను కూర్చునే చాప మీద వదినని కూర్చోబెట్టింది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కర్ర తీసుకుని బాన దగ్గరికి నడిచింది. షెడ్డు యజమాని కంగారుగా వచ్చాడు.

"పిన్నిగారూ, ఈ మోకాళ్ళతో మీరు మళ్ళీ ఆ పొగలో నుంచోవడమేంటండీ?"

అమ్మ కర్రతో బట్టని తిరగేస్తూనే చెప్పింది.

"నా కడుపులో ఇప్పుడెవరూ లేరు కదా బాబూ."