ఆమెన్ అన్నవాళ్లు ముందుకు రాండి

నా చిన్నప్పుడు పెన్న ఆవలి ఒడ్డు కంటికి ఆనేది కాదని మనవళ్లకు చెబుతుంటాను. అబద్ధం. నేను చెప్పబోయే ఏడాది జమ్మలమడుగు దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. చెలమలు తవ్వుకుని తాగాం.

ఆ కరువులో మా చర్చికి ఎర్రగుంట్ల నుంచి ఒక కుర్ర బోధకుడు వచ్చాడు. శుక్రవారంలోగా వాన కురుస్తుందని దేవుడు తనతో చెప్పాడన్నాడు. అందరం ఆమెన్ అని అరిచాం. నా గొంతు ప్రొద్దుటూరు దాకా వినిపించింది. సరే, ముందు వరుస దాకా. పక్కింటి మామ ఆ మాట నమ్మి, ఇంట్లో మిగిలిన వేరుశనగ విత్తనమంతా పొడి దుక్కిలో వేసేశాడు.

శుక్రవారం పోయింది. చినుకు లేదు. విత్తనం చీమల పాలైంది. ఆదివారం ఆ కుర్రాడు మళ్లీ వస్తే, చర్చి వాకిట్లోనే జనం చుట్టుముట్టారు. మామ చేతిలో రాయి ఉంది.

చర్చిలో గంట కొట్టేదీ, వాక్యం చదివేదీ మా తాతయ్యే. మామ ఆయన వైపు తిరిగాడు.

"దేవుడు చెప్పంది చెప్పినాడన్న ప్రవక్తకు సావేనని మోషే ధర్మశాస్త్రంలో లేదా పెదనాయనా?"

"ఉండాదప్పా, యాడికి పోతాది?" అన్నాడు తాతయ్య తాపీగా. "మొదటి రాయి సాక్షులే ఎయ్యాలని గూడా ఉండాది. ఆమెన్ అంటే ఏంది? నిజమేనని సాక్ష్యం. ఇప్పుడు అబద్దమంటే అది దొంగసాక్ష్యం. దొంగసాక్షికీ అదే శిక్ష. ఆమెన్ అన్నోల్లు ముందుకు రాండి."

వాన మాట విన్న రోజు చర్చిలో ఒక్కరూ నోరు తెరవనట్టే అందరూ నిలబడ్డారు. నేనైతే తాతయ్య పంచె చాటుకు పోయాను.

మామ రాయి వదిలేసి, "విత్తనం పాయె పెదనాయనా" అని కూలబడ్డాడు. తాతయ్య మా ఇంటి విత్తనంలో సగం అతనికి పంచాడు. కుర్రాడికి వేసిన శిక్ష ఒక్కటే: వాన పడేదాకా ఉండి మామ చేను మళ్లీ దున్నడం. అతను చెప్పులు విప్పి చేలోకి దిగాడు. వాన తనకు తోచినప్పుడే వచ్చింది. ఆ తర్వాత మబ్బు గురించి ఎవరడిగినా అతను, "నాకు అనిపిస్తాంది మామా, అంతే" అనేవాడు.

నేను కోసిన కోతలకు లెక్కలేదు. అన్నీ నా పేరు మీదే కోశాను, దేవుడి పేరు మీద ఒక్కటీ లేదు. చర్చిలో అందరూ ఆమెన్ అన్నాక కూడా, ఇప్పటికీ ఒక గుక్క ఆగి గానీ నేను నోరు తెరవను.