చెవి మీద పొక్కు

మా మేనల్లుడికి సెల్‌ఫోను కొనిచ్చింది నేనే. ఆ తప్పు ఇంకొకరి మీదకు నెట్టను.

ఉద్దానం పల్లెల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నేను టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు దెయ్యాలూ చేతబడులూ లేవని సభల్లో వాదిస్తూ తిరిగేవాణ్ణి. పూండి దగ్గరి పల్లెలో ఉండే మా అప్ప (అక్కను మావైపు అలాగే అంటారు) కొడుక్కి, అప్పటికి కొన్నేళ్లుగా, ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. మా అప్ప తాయెత్తులు కట్టించింది. నేను వాటిని తెంపించి విశాఖపట్నంలో మానసిక వైద్యుడికి చూపించాను. మాత్రలు పనిచేశాయి. మాటలు పూర్తిగా పోలేదు గానీ పక్కవీధికి వెళ్లిపోయాయని అతనే చెప్పాడు. ఇరవయ్యెనిమిదో ఏట, మొదటిసారి, పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో చేరాడు.

ఆ పని పోతే అతనికి మిగిలేది మా అప్ప ఇంట్లో వెనక గది. దానికి గడియ బయటివైపు ఉంటుంది. మాత్రలకు ముందు అందులో రెండేళ్లు ఉన్నాడు.

జేబులో ఫోను ఉంటే మనిషి కళ్లముందు ఉన్నట్టేనని అప్పకు నేనే చెప్పాను. ఆమె నమ్మింది, తాయెత్తును నమ్మినంత గట్టిగా. ఇంటి నుంచి గంటకోసారి ఫోను వెళ్లేది. “ఎక్కడున్నావురా? మాత్ర ఏసుకున్నావేటి? ఎవులైనా ఏటైనా అన్నారేటి?” మధ్యలో బావ చేసేవాడు. కాలేజీలో విరామం దొరికితే నేనూ చేసేవాణ్ణి. గొంతు వింటే తేడా తెలిసిపోతుందని నా ధీమా. ఎత్తకపోతే మేస్త్రీకి చేసేవాళ్లం. మేస్త్రీ అందరి ముందూ “ఒరే, మీ ఇంటికాడినుంచి హాజరు పిలుత్తన్నారు” అనేవాడట. అక్కడున్నవాళ్లు నవ్వేవారట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

మూడు నెలలకు ఒక ఆదివారం వెళ్లేసరికి మా అప్ప ఏడుస్తోంది. మేనల్లుడి కుడి చెవీ, కింద దవడా నల్లగా పొక్కి, తోలు ఊడి ఉన్నాయి.

“మళ్లీ మొదలయిందిరా తమ్ముడా. సెవిలో మాటలు ఆగక గీరీసుకున్నాడు.”

“కాదే అమ్మా. జీడి అంటుకున్నాది” అన్నాడు అతను.

“నీకేటి తెలుత్తాది, నువ్వూరుకో” అంది ఆమె.

ఇక్కడ నేను నోరు తెరవవలసింది. ప్రతి మాటకూ ఆధారం అడిగే మనిషిని, ఆ పూట ఒక్క ప్రశ్నా అడగలేదు. రోగి తన గురించి తాను చెప్పేది రోగలక్షణమే అవుతుంది గానీ సాక్ష్యం కాదని నాలో ఎక్కడో స్థిరపడిపోయింది. తల పంకించి, “కొన్నాళ్లు పనికి పంపొద్దు” అన్నాను. గడియ వేసింది బావే గానీ, తీర్పు నాది.

జీడితోటల్లో పుట్టినవాళ్లం. పిక్క పెంకులోని నూనె ఒంటికి తగిలితే ఎలా కాలుతుందో మా ఊళ్లో పాలు తాగే పిల్లకూ తెలుసు. అదే మచ్చ చేతి మీద ఉంటే జీడి అనేవాళ్లం. మాటలు వినిపించే మనిషి చెవి మీద ఉంది కనుక పిచ్చి అన్నాం.

నాలుగో రోజు, నేను మళ్లీ చూడటానికి వెళ్లి ఉండగా, అతని పక్కన కూర్చుని పిక్కలు కొట్టే ఆవిడ పలాస నుంచి వచ్చింది. నడివయసు మనిషి, చేతుల నిండా అవే నల్ల మచ్చలు. సోమవారంలోగా రాకపోతే ఆ చోట ఇంకొకర్ని పెడతారని చెప్పడానికి వచ్చింది. మా అప్ప చెవి సంగతి చెప్పగానే ఆవిడ అందుకుంది.

“అది మీ పుణ్యమే కదమ్మా. సేతులకి జీడి ఉంతాది. కడుక్కునొచ్చేసరికి ఫోను ఆగిపోద్ది. ఆగిపోతే మీరు మేస్త్రీకి కొడతారు. ఆడేటి సేత్తాడు మరి? అలగే ఎత్తి సెవిలో ఎట్టుకుంతన్నాడు. ఎత్తకుండా ఒగ్గీరా అని నాను సెప్తే, మాయమ్మ బెంగెట్టుకుంతాది అన్నాడు.”

తర్వాత నా వైపు తిరిగింది. “బాబూ, మీరేనా మీటింగుల్లో మాట్లాడతారట?”



ఇప్పుడు స్మార్ట్‌ఫోను ఇలాంటి మనిషి నిద్రనూ నడకనూ మాటనూ కనిపెట్టి, జబ్బు తిరగబెట్టే ముందే చెబుతుందని డాక్టర్లు ఉత్సాహంగా వివరిస్తుంటే వింటూ ఉంటాను. చెప్పవచ్చు. యంత్రంతో నాకు పేచీ లేదు. ఆ మనిషి “కాదు, ఇది జీడి” అన్నప్పుడు వినేది ఎవరని అడుగుతాను. చాలామంది ఆ ప్రశ్నను మర్యాదగా దాటేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అప్పట్లో నేనూ అలాగే దాటేశానని గుర్తొచ్చి ఇంకా మండుతుంది.

ఆ రోజు ఆవిడ వెళ్లాక గడియ తీశాం. అతను అరవలేదు, మమ్మల్ని తిట్టనూ లేదు. వసారాలో కూర్చుని తన మాట చెప్పాడు.

“సోమారం ఎలతాను. మాత్ర పొద్దున్న నీ ముందరే ఏసుకుంతానే అమ్మా. మజ్జేనం బువ్వలకాడ సేతులు కడుక్కుని నానే ఫోను సేత్తాను. మీరెవులూ సెయ్యకూడదు.”

“మరి నువ్వు సెయ్యకపోతే?” అంది అప్ప.

“సేత్తాననీసినాను కదేటి.” నా వైపు చూశాడు. “మావా, నువ్వూను.”

నేను స్వేచ్ఛ గురించీ నమ్మకం గురించీ నాలుగు ముక్కలు మొదలుపెట్టాను. “అదంతా సరేలే. సెయ్యకు” అన్నాడు.

సోమవారం సెలవు పెట్టి అప్ప ఇంట్లోనే కూర్చున్నాను. ఒంటిగంట అయింది. ఫోను మోగలేదు. అప్ప దాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “ఒక్కపాలి కొట్టనీరా” అంది. ఇచ్చిన మాట అంటే ఏమిటో ఆమెకు బోధించాను. పావుగంట గడిచింది. కాళ్లు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్లి, కొబ్బరిచెట్టు చాటున నా ఫోను తీసి అతని నంబరు నొక్కాను. ఎంగేజ్ అని వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. అప్పే మాట తప్పి అతనికి చేస్తోందని మండిపోతూ లోపలికి వచ్చాను.

ఆమె ఫోను చెవికి ఆనించుకుని నవ్వుతోంది. అతనే చేశాడు. పిక్కల బస్తాలు ఆలస్యంగా దిగడంతో అన్నాలకు ఆలస్యమైందట.

“మావకియ్యి” అన్నాడట. తీసుకున్నాను.

“మావా, నువ్వు ఫోను సెయ్యనేదు కదా?”

“లేదురా” అన్నాను.