పదకొండో పేజీలో గొడుగు

మా మామయ్య ముప్పయ్యారేళ్లు నీళ్ల మీటర్లు చూశాడు. ఈ మహానగరంలో ఆయన తొక్కని సందు లేదు. భుజాన సంచి, అందులో టార్చి, మీటరు అద్దం తుడవడానికి ఓ గుడ్డముక్క, ఓ లావుపాటి నోటుబుక్కు. ఆ నోటుబుక్కు ముందు వైపు నుంచి తిప్పితే జనం మీటర్లు, వెనక వైపు నుంచి తిప్పితే కామిక్స్ షాపులు. రెండింటినీ ఒకే తీరులో రాసుకున్నాడు. ‘స్టేషన్ వెనక, ఎడమ మూడో తలుపు, ఇరవై రెండు మెట్లు, చీకటి.’ ‘పళ్ల డాక్టరు కింద సెల్లారు, చెమ్మ, సరుకు బాగుంది.’ ‘కుక్క లేదు, ఓనరే కరుస్తాడు.’

గేటుకు తాళం ఉన్న ఇంటికి ‘తాళం’ అని రాసి, పాత నెలలు చూసి ఓ అంచనా అంకె వేయడం వాళ్ల ఉద్యోగంలో పద్ధతి. వెనక పేజీల్లోనూ ప్రతి షాపు పక్కనా ‘ఉప్పుగాలి 12 - తాళం’ అని ఉండేది. అంటే ఆ పుస్తకం అక్కడ లేదని అర్థం.

ఉప్పుగాలి పన్నెండు భాగాల బొమ్మల కథ. పన్నెండేళ్ల వయసులో మా అమ్మ కాలు విరిగి, నాలుగు నెలలు కట్టుతో మంచం మీద ఉంది. తొమ్మిదేళ్ల మామయ్య రోజూ అద్దె పుస్తకాల షాపుకి పరుగెత్తి ఒక్కో భాగం తెచ్చేవాడు. అద్దె పుస్తకానికి అట్ట ఎన్నాళ్లుంటుంది? అట్ట ఊడితే ఏది చదివారో ఏది చదవలేదో తెలియక, పాఠకులంతా పదకొండో పేజీలో అంకె కింద పెన్సిలుతో ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారట. అమ్మది చిన్న గొడుగు. మామయ్యది ఇంటూ గుర్తు.

పదకొండో భాగం చివర ఓడ చుక్కాని దగ్గర ఒక్క ఆడపిల్లే ఉంటుంది. చుట్టూ పొగమంచు, ఎదురుగా ఎక్కడో బండరాళ్లు. పన్నెండో భాగాన్ని ఎవరో పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. మామయ్య నాలుగు రోజులు తిరిగాడు. ఐదో రోజు అక్క ముఖం చూడలేక, “ఆఖరి భాగం ఇంటికివ్వరట, అక్కడే నిలబడి చదివొచ్చా” అని అబద్ధమాడి, అప్పటికప్పుడు ఓ ముగింపు అల్లేశాడు. ఓడలో ఓ కుంటికుక్క మొరుగుతుంది. ఆ మొరుగు బండలకు తగిలి వెనక్కొస్తుంది. ఆ పిల్ల చెవులు రిక్కించి, ప్రతిధ్వని లేని వైపు ఓడను తిప్పుకుంటూ బయటపడుతుంది.

నా చిన్నప్పుడు అమ్మ జడ వేస్తూ నాకు చెప్పింది ఈ కథే. కుక్క మొరిగే చోట దువ్వెన ఆపి మరీ మొరిగేది. ఆ కుక్కను తన తమ్ముడే పుట్టించాడని నాకు నిరుడు దాకా తెలియదు.

నిరుడు పేపర్లో ఓ ప్రకటన పడింది. ఉప్పుగాలి పన్నెండు భాగాలూ కలిపి వచ్చే నెల మళ్లీ అచ్చవుతున్నాయట. మామయ్య ఆ పేపరు పట్టుకుని మా ఇంటికి కాదు, నేరుగా నా ఆఫీసుకే వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

“అక్క కొంటుంది, చదువుతుంది. యాభై రెండేళ్లుగా నేను మోసం చేశానని తెలిసిపోతుంది.”

“తొమ్మిదేళ్లవాడి అబద్ధానికి ఇంత గోలేంటి మామయ్యా? వెళ్లి చెప్పేయొచ్చుగా.”

“ఒట్టి చేతులతో చెప్పలేనమ్మాయ్. పాత పుస్తకం చేతిలో పెట్టి చెప్తా. నీ స్కూటరు తియ్.”

నాకసలే ఓపిక తక్కువ. అయినా మోకాళ్లు అరిగిపోయిన మనిషిని మెట్లకూ సందులకూ వదిలేయలేక, సెలవు దొరికిన ప్రతి రోజూ ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని తిరిగాను. అద్దాల బీరువాల్లో బొమ్మలు పెట్టి, పుస్తకం ముట్టుకుంటే గుడ్లురిమే షాపులు చూశాం. సగం గోడ కామిక్స్, సగం గోడ ఫోన్ కవర్లు ఉన్నవీ చూశాం. “మంచి షాపో కాదో గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఏం కావాలని అడిగితే అది మామూలు కొట్టు. కూర్చోమంటే మంచి షాపు” అనేవాడు మామయ్య. ఆ లెక్కన మూడు వారాల్లో మమ్మల్ని కూర్చోమన్నవాళ్లు ఇద్దరు. ఇద్దరి దగ్గరా తాళమే. పేటలు అయిపోతున్నకొద్దీ మామయ్య మాట్లాడటం తగ్గించేశాడు. నాకు జాలేసింది, ఆ జాలి విసుగై ఆయన మీదే పడింది. “ఇంకొక్కటి చూసి ఆపేద్దాం” అని కసిరాను.

ఆ ఒక్కటి జిరాక్సు కొట్టు వెనక ఉంది. నోటుబుక్కులో లేని షాపు. లోపల ఒకావిడ ఊడిపోయిన పుస్తకానికి జిగురు రాస్తోంది. తల ఎత్తకుండానే కాలితో స్టూలు మా వైపు తోసింది. మామయ్య నా మోచెయ్యి గిల్లాడు.

“ఉప్పుగాలి ఉందామ్మా?”

“ఎన్నోది?”

“పన్నెండు.”

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. “ఆఖరిదా? ఉండండి.” లోపలికెళ్లి వచ్చేసరికి చేతిలో సగం అట్ట చిరిగిన పుస్తకం ఉంది. “మూతపడ్డ అద్దె షాపు సరుకు. స్టాంపు కూడా ఉంది చూడండి.”

మామయ్య స్టాంపును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అది ఆయన పరుగెత్తిన షాపుదే. అలవాటు కొద్దీ ముందు పదకొండో పేజీ తీశాడు. అంకె కింద ఓ చుక్క, ఓ నక్షత్రం, ఎవరివో పొడి అక్షరాలు. వాటి పక్కన వంకీ పిడితో చిన్న గొడుగు.

మామయ్య స్టూలు మీద కూలబడ్డాడు. “అక్క చదివేసిందే!”

ఆయన నవ్వుతాడనుకున్నాను. కానీ కళ్లనిండా నీళ్లు. దారంతా ఒకటే సణుగుడు. “యాభై రెండేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించింది.” పుస్తకం మాత్రం ఎక్కడ నలుగుతుందోనని చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఇంట్లో అమ్మ సంచికి జిప్పు కుడుతోంది. మామయ్య పుస్తకాన్ని ఆమె ఒళ్లో పడేశాడు. అమ్మ అట్ట చూసింది, పదకొండో పేజీ తీసింది, గొడుగు మీద వేలు పెట్టింది.

“దొరికిందన్నమాట.”

“ఎప్పుడు చదివావు?”

“కట్టు విప్పాక నా అంతట నేను నడిచి వెళ్లింది ముందు ఆ షాపుకేరా. ఎవరో తిరిగిచ్చారట.”

“మరి నాతో చెప్పలేదేం? అబద్ధాలకోరని నాలుగు తిట్టుంటే ఆ రోజే పోయేది. ఇన్నేళ్లు నేను...”

అమ్మ సూది పక్కన గుచ్చింది. “ఇందులో ఆ పిల్ల నాన్న పడవేసుకుని వచ్చి చుక్కాని లాక్కుంటాడు. ఆ పిల్లని కిందికి పంపించి దుప్పటి కప్పుతారు. నాలుగు నెలలు దుప్పటి కింద పడున్నదాన్ని, నాకదేం కథరా? నీ కథలో ఆ పిల్లే ఓడను ఒడ్డుకు చేర్చింది. మళ్లీ నడుస్తానో లేదోనని అందరూ గుసగుసలాడుతుంటే నేను పట్టుకున్నది దాన్నే. తాళం ఉన్న ఇంటికి అంచనా రాస్తావుగా? నీ అంచనానే ఉంచుకున్నా.”

మామయ్య పుస్తకం తీసుకుని గుమ్మం దగ్గర, షాపులో నిలబడ్డట్టే నిలబడి, మొదటి పేజీ నుంచి చదివాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాం. చివరి పేజీ అయ్యాక ముక్కు తుడుచుకుని, నోటుబుక్కులోంచి పెన్సిలు తీసి గొడుగు పక్కన ఇంటూ గుర్తు పెట్టాడు.

“నాదే నయం” అన్నాడు.

“మరి? కుక్కేదిరా ఇందులో” అంది అమ్మ.